ఖాళీ షెడ్డు ఫొటో

సాలూరు బైపాస్ పక్కన కొండబాబు అద్దెకు తీసుకున్న షెడ్డులో నడవడానికి దారి లేదు. వెల్డింగ్ మెషీన్లు, డ్రిల్లు, కంప్రెషర్, గోడకు ఆనించిన ఇనుప చానళ్లు.

విశాలి గుమ్మంలో ఆగి అన్నీ చూసింది. ప్రభుత్వ హామీతో చిన్న పరిశ్రమలకు ఇచ్చే రుణాలు బ్యాంకులో ఆమె చూస్తుంది. కొండబాబు లారీ బాడీలు కట్టే మేస్త్రీ. ఇన్నాళ్లూ పక్క షెడ్డు నరసింగరావు దగ్గర కూలికి చేశాడు. సొంతంగా పెట్టుకుంటానని దరఖాస్తు చేశాడు. ఇవాళ తనిఖీ. రుణం రాకపోతే షెడ్డు వదిలేసి మళ్లీ కూలికి వెళ్లాలి.

"ఇవన్నీ మీవేనా?"

"మావే మేడం. సూడండి, ఏటి తక్కువున్నాది?"

"అయితే మీకు లోను రాదు. ఇది కొత్తగా పెట్టేవాళ్లకే. నడుస్తున్న షెడ్డుకి ఇవ్వరు."

కొండబాబు భార్య ఈశ్వరి ముందుకొచ్చింది.

"సెప్పీయి. సామాను సూస్తే బ్యాంకోలు మురిసిపోతారని తెచ్చిందెవులు? నానొద్దన్నాను కాదా?"

"నువ్వూరుకోయే. మేడం, ఇవి నరసింగరావు మావవి. ఖాళీ షెడ్డు సూసి అప్పెవులిస్తారని పొద్దున్నే తోసుకొచ్చాను."

"తెలుసు. కంప్రెషర్ మీద ఆయన పేరు రాసి ఉంది. మీ నోటితో వినాలని అడిగాను," అంది విశాలి. "తీసెయ్యండి. అంతవరకూ నేను ఇక్కడే ఉంటాను."

కబురందుకుని నరసింగరావు మనుషులతో వచ్చాడు. "ఏరా అల్లుడూ, లోనొచ్చీసిందేటి?"

"నీ సామానొల్లే పోతన్నాది మావా! ముందు పట్టుకెల్లిపో."

విశాలి ఆయన్ని అడిగింది, "ఇతని పని ఎలా ఉంటుంది?"

"ఆడు కట్టిన బాడీ ఒడిశా ఘాట్ రోడ్డులో తిరుగుతాది. ఇంతవరకూ ఒక్కటీ రిపేరుకి రానేదు."

"వెళ్లిపోతే మీకు నష్టం కదా?"

"నష్టమే. పక్కనే ఉంటాడు కదమ్మా. పనెక్కువైతే ఆడికే తోస్తాను."

విశాలి ఆ మాట రిపోర్టులో రాసుకుంది. షెడ్డు ఖాళీ అయ్యాక కొండబాబును మధ్యలో నిలబెట్టి ఫొటో తీసింది.

"వస్తాదా మేడం?"

"వస్తుంది. మేనేజరుతో నేను మాట్లాడతాను. మీరు మెషీన్లకి కొటేషన్ తీసుకురండి, షెడ్డు పేరున. పేరేం పెట్టారు?"

కొండబాబు తల గోక్కున్నాడు. "అదింకా ఆలోసించనేదు."

"ఆయన ఆలోసించనేదు," అంది ఈశ్వరి. "నానాలోసించాను. రాసుకోండి మేడం."