లెక్కకు రాని కట్టె

ఆ బుధవారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోయింది. మబ్బు కొండల మీదికి దిగి కూర్చుంది గాని చినుకు రాల్చలేదు, ఎండకు దారీ ఇవ్వలేదు. సున్నం కొట్టి ఇంకా ఆరని గోడలా పైనంతా తడితడిగా, మచ్చలు మచ్చలుగా ఉంది. గుడియాత్తం ఊరి చివర తన దొడ్డి గేటు తీసి రంగనాయకమ్మ ముందు పైకి చూసింది. తర్వాత వేలూరు బస్సు వచ్చే దారి చూసింది. ఆకాశాన్ని చూసింది ఊరికే. చూడాలనుకున్నది దారినే.

బుధవారం కార్తి వచ్చే రోజు. ఇది అయిదో బుధవారం.

ఆమె పెనిమిటి అరుణాచలం సెంట్రింగు మేస్త్రి. మిద్దె పోసినప్పుడు కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని కింద నుంచి మోసే రేకులూ సవుకు కట్టెలూ బిగించడం అతని పని. ఇటు ఒడుగత్తూరు నుంచి అటు కే.వి.కుప్పం దాకా అతను బిగించని వీధి లేదు. ఏడాదిన్నర కింద కామెర్లు వచ్చి, పదిహేను రోజుల్లో పోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఇంట్లో మాట అనేదే లేకుండా పోయింది. పాలు పోసే మనిషితో ఒక మాట, కూరగాయల బండి దగ్గర రెండు మాటలు. కొన్ని రోజులు అవీ ఉండేవి కావు. అలాంటి రోజు పొద్దుగూకే వేళకు ఆమె ఒకసారి దగ్గి చూసుకునేది, గొంతు ఉందో లేదో అని.

అతను మిగిల్చిపోయిన మూడువందల కట్టెలున్నాయి. బ్యాంకులో ఆడవాళ్లకిచ్చే అప్పు తెచ్చి, రేకులు కొని, సెంట్రింగు సామాను అద్దెకిచ్చే దొడ్డి పెట్టింది. చూసుకోవడానికి కుప్పన్ ఉన్నాడు. అరుణాచలం కింద ముప్పై ఏళ్లు పనిచేసిన ముసలి కూలీ.

దొడ్డి పెట్టిన మూడు నెలలకే చిక్కు తెలిసింది. సామాను పోతుంది, వస్తుంది. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఒక పుస్తకం, ఎన్ని రోజులున్నాయో ఇంకో పుస్తకం, కూలీలది మూడో పుస్తకం. ఒకదాని మాట ఒకటి వినదు. అరుణాచలం పుస్తకం పట్టిన మనిషి కాదు, అంతా తలలోనే ఉండేది. ఆ తల ఆమెకు లేదు. ఈ మూడూ ఒకే చోట కలిసి నడిచే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయని, ఒకటి చూసుకోమని బ్యాంకు ఆఫీసరు చెప్పాడు. వేలూరులో ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటరు కొన్నది. ఇంక చేతిలో పదివేలు మిగిలాయి. సంక్రాంతికి తై నెల పుడితే ఊరంతా ఇళ్లు మొదలవుతాయి. ఆ లోపల సాఫ్ట్‌వేరు సంగతి తేలాలి, మిగిలిన దానితో కట్టెలు కొనాలి.

ముందు మద్రాసు కంపెనీ వాళ్లు కారులో వచ్చారు. ఇద్దరూ మెడకు టై కట్టుకున్నారు. సామాను, బిల్లు, కూలి, బ్యాంకు, అన్నీ ఒక దారానికి గుచ్చినట్టు ఉంటాయన్నారు. నలభై వేలన్నారు. అరగంటలో వెళ్లిపోయారు. ఆ అరగంటలో ఆమెను ఒక్క ప్రశ్నా అడగలేదు. తర్వాత వేలూరు బజారులో ఒక అంగడివాడు ఎనిమిది వేలకు ఒకటి చూపించాడు. దానికి అమ్మడం తెలుసు, కొనడం తెలుసు. పోయిన సరుకు తిరిగి రావడం తెలియదు.

మూడోవాడు కార్తి. వేలూరు శెట్టి కుటుంబం. కంప్యూటరు చదువు చదివి, కొత్త బస్టాండు దగ్గర చిన్న గది తీసుకుని ఏడాదైంది. ఇంతవరకూ ఒక్క గిరాకీ లేదు. ఆరువేలకు తానే రాసిస్తానన్నాడు. అయితే రాసే ముందు అడగాలన్నాడు.

అడిగాడు. మొదటి బుధవారం పొద్దున తొమ్మిదికి వచ్చి నోటుబుక్కు తెరిచాడు. కట్టె విరిగితే ఎవరిది నష్టం, వానకు పని ఆగితే అద్దె నడుస్తుందా, ఎవరు ఎక్కిస్తారు, ఎవరు దించుకుంటారు, మేస్త్రి గారు ఎట్ల చేసేవారు. ఆమె చెబుతూ ఉంటే తల వంచి రాసుకున్నాడు. ఒకటి చెబితే దాని కింద ఇంకొకటి అడిగాడు. ఆ సాయంత్రానికి రంగనాయకమ్మ గొంతు బొంగురుపోయింది. ఏడాదిన్నర తర్వాత మాట్లాడి మాట్లాడి పోయిన గొంతు అది. వేడినీళ్లు తాగుతూ, తగ్గకపోతే బాగుండుననుకుంది.

రెండో బుధవారం అతను ఫ్లాపీలు తెచ్చాడు. తాను రాసింది కంప్యూటరులో ఎక్కించి, పాత చీటీలు ఒక్కొక్కటే చదివి కొట్టాడు. ఆమెకు తెలుగు మాటే గాని తెలుగు అక్షరం రాదు, చీటీలన్నీ అరవ అక్షరాల్లో రాసిన తెలుగే. అతనిదీ అదే చదువు కనక ఇబ్బంది లేదు. పోయిన సామాను చీటీలు నున్నగా ఎక్కాయి. వచ్చిన సామాను చీటీ మొదటిది కొట్టగానే మిషను కుయ్యిమని ఆగిపోయింది. అరవై కట్టెలు పోతే అరవైఒకటి ఎలా వస్తాయని దాని అభ్యంతరం. ఇంకొక చీటీలో రెండు ఎక్కువ. ఇంకొకదాంట్లో సరిగ్గా ఉంది. మరొకదాంట్లో మూడు ఎక్కువ.

గడప దగ్గర కూర్చుని చూస్తున్న కుప్పన్, "కాకి మాదిరి అరస్తా ఉండాదే అమ్మా. ఎవరన్నా చుట్టాలొస్తారేమో," అన్నాడు.

మూడో చీటీకే రంగనాయకమ్మకు తెలిసిపోయింది. అది తోడుకట్టె.

అరుణాచలానికి ఒక పద్ధతి ఉండేది. ఏ ఇంటికి బండి కదిలినా, లెక్కబెట్టి ఎక్కించిన కట్టెల మీద పసుపు పూసిన కట్టె ఒకటి ఊరికే వేసేవాడు. దాన్ని లెక్కలో కలిపేవాడు కాదు, దానికి అద్దె లేదు. కప్పు నిలబడేది లెక్కకు అందిన కట్టెల మీద కాదనీ, లెక్క దాటి ఒకటి ఉండాలనీ అతని నమ్మకం. బండికి ఒకటి. మూడు బండ్లు పోతే మూడు. తిరిగి వచ్చేసరికి సిమెంటుతో పసుపు పోయి, తోడుకట్టె ఏదో తెలిసేది కాదు. కుప్పన్ "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టి వచ్చినవన్నీ ఎంచేవాడు, ఎంచినంతా రంగనాయకమ్మ చీటీలోకి ఎక్కేది. నడుమ ఒకటి విరిగితే సరిపోయినట్టు కనబడేది. అరుణాచలం పోయాక కూడా ఆ పద్ధతి ఆగలేదు. కుప్పన్ చెయ్యి దానంతటదే పసుపు ముద్ద వైపు పోయేది. కార్తి అన్నీ అడిగాడు గాని ఇది అడగలేదు. అడగాలని తెలిసే సంగతి కాదు. చెప్పాలని ఆమెకూ తోచలేదు. ఊపిరి పీలుస్తామని ఎవరికైనా చెబుతామా.

చెబుదామని నోరు తెరిచింది. కార్తి అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు. తప్పు తనదే అయ్యుంటుందన్నాడు. వచ్చే బుధవారం సరిచేసుకుని వస్తానన్నాడు.

వచ్చే బుధవారం. ఆ మాట దగ్గర ఆమె నోరు మూసుకుంది.

మూడో బుధవారం వచ్చి, మళ్లీ మొదటి నుంచీ అడిగాడు. ఎక్కడో ఒక కొస దొరుకుతుందని అతని ఆశ. ఆమె కావేరిపాక్కంలో చెరువుగట్టు కింద మిద్దె పోసిన రోజు వాన ఎట్లా పట్టుకుందో చెప్పింది. అరుణాచలం మంచెమీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నది చెప్పింది. అన్నీ చెప్పింది, ఆ ఒక్కటి తప్ప. చీటీలు సరిగానే రాశారా అని అతను అడిగితే, సరిగానే రాశానంది. అది నిజమే. నిజం కనక మరింత బరువుగా ఉండింది.

నాలుగో బుధవారం గడ్డం గీసుకోకుండా వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎక్కువ అడగలేదు. మిషను కుయ్యిమన్నప్పుడల్లా వేలితో బల్ల మీద చిన్నగా కొట్టుకున్నాడు. ఆమె అది చూసింది. చూసి, కాఫీ కలపడానికి లోపలికి పోయింది.

ఇప్పుడు అయిదో బుధవారం. పదింటికి బస్సు ఆగింది. కార్తి దిగాడు. చేతిలో ఫ్లాపీల సంచి లేదు, మడిచిన కాగితం ఒకటుంది. లోపలికి వచ్చి, కంప్యూటరు ముందు కాక కుప్పన్ కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు.

కాగితం ఆమె ముందు పెట్టాడు. మద్రాసు కంపెనీతో తాను మాట్లాడానన్నాడు. వాళ్లు వాయిదాల మీద ఇవ్వడానికి ఒప్పుకున్నారట. మొదటి వాయిదాకు పదివేలు చాలునట. తనకు మాత్రం ఏమీ ఇవ్వనక్కర్లేదన్నాడు. గది ఖాళీ చేస్తున్నాననీ, బావకు కావేరిపాక్కంలో బియ్యం మండీ ఉందనీ, నెల తిరిగేసరికి అక్కడ కూర్చుంటాననీ నేల చూస్తూ చెప్పాడు.

"నాకు ఈ పని రాదమ్మా," అన్నాడు. "మూడు వారాలు ఎతికినా. ఒక చీటీలో ఒకటి, ఇంకో దాంట్లో మూడు. ఒక వరస లేదు, పద్ధతి లేదు. పోయిన కట్టెలూ వచ్చిన కట్టెలూ ఎంచేది కూడా రాయలేనోణ్ణి ఇంక ఎవురికి ఏం రాసిచ్చేది?"

రంగనాయకమ్మ కాగితం వైపు చూడలేదు. ఆ నలభై వేల సరుకు కూడా ఇక్కడికి వస్తే కుయ్యిమనే అంటుందని ఆమెకు తెలుసు. దానికి పదివేలూ పోతాయి, తైకి కొనాల్సిన కట్టెలూ పోతాయి. కానీ ఆమె చూస్తున్నది అది కాదు. అతని వేళ్లను చూస్తున్నది. నోటుబుక్కు పట్టుకుని గబగబా రాసుకున్న వేళ్లు ఇప్పుడు బల్ల అంచును గీరుతున్నాయి. ఇప్పుడు మాట్లాడకపోతే ఈ పిల్లవాడు తనకు పని రాదని నమ్మి, బతుకంతా బియ్యం మూటల మధ్య కూర్చుంటాడు. మాట్లాడితే ఇంక ఇటు రాడు. రెండిట్లో ఎటైనా బుధవారం పోయినట్టే.

"తప్పు నీది కాదు నాయనా," అంది.

అతను తల ఎత్తలేదు. ఓదారుస్తున్నదనుకున్నాడు.

"నువ్వు రాసింది సరిగానే ఉండాది. చీటీలో లేని కట్టె ఒకటి పోతాది బండికి." తోడుకట్టె సంగతంతా చెప్పింది. కుప్పన్ గడప దగ్గర నుంచి, నిజమే అప్పా, పసుపు పూసేది నేనే, అన్నాడు. అని వెంటనే తాను అనకూడని చోట అన్నానని తోచి, బయటికి లేచి వెళ్లిపోయాడు.

కార్తి తాను పెట్టిన కాగితాన్ని మళ్లీ మడిచాడు. పక్క వీధిలో లుంగీలు నేసే మగ్గాల చప్పుడు వినిపిస్తున్నది.

"ఇది మీకు ఎప్పుడు తెలిసినాదమ్మా?"

"రెండో బుధవారమే."

అతను మనసులో వారాలు ఎంచుకున్నాడు. ఆమెకు కనిపించింది.

"పోయిన వారం మా అమ్మ అన్నానికి పిలిస్తే కసిరినా," అన్నాడు మెల్లగా. "ఎందుకమ్మా చెప్పలేదు?"

ఆమె కొంగు సరిచేసుకుంది. అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది, మరిచిపోయానని. దాన్ని మింగేసింది.

"చెప్తే నువ్వు రావు కదా. నువ్వు ఒక్కడివే అడిగినావు. ఎట్ల చేస్తారు, ఎందుకు చేస్తారు అని. ఆయన పోయినాక నన్ను ఎవురూ ఏమీ అడిగింది లేదు నాయనా."

కార్తి ఆమె ముఖం వైపు చూశాడు. కోపం వచ్చిందో, జాలి కలిగిందో, రెండూ కలిశాయో చెప్పలేం. లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అది వెలిగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"బండికి ఒకటేనా?" అన్నాడు తెర వైపే చూస్తూ.

"ఒకటే."

"లారీకైనా?"

"లారీకైనా ఒకటే."

ఇంక ఏమీ అడగలేదు. రెండు గంటలు కొట్టాడు. ఇప్పుడు సామాను పోయే చీటీ ఎక్కిస్తే, బండ్లెన్ని అని అది అడుగుతుంది. బండికొక కట్టె దానంతటదే కలుపుకుంటుంది, దానికి అద్దె వెయ్యదు. పాత చీటీలు మొదటి నుంచీ ఎక్కించాడు. మిషను ఒక్కసారీ అరవలేదు. దొడ్డి కట్టెలు, కూలీల రోజులు, అద్దెలు, మూడింటికీ పొత్తు కుదిరింది.

ఇదే తీసుకుంటానని రంగనాయకమ్మ చెప్పింది. అతను తల ఊపాడు. ఎలా వాడాలో ఒక కాగితం మీద అరవ అక్షరాల్లో వరసగా రాసి తెర పక్కన అంటించాడు. ఏ చిక్కూ రాదనీ, ఆమే చేసుకోవచ్చుననీ, తాను రావలసిన పని ఉండదనీ చెప్పాడు. కోపంగా చెప్పలేదు. ఉన్న మాటే కనక చెప్పాడు. ఆమె సరేనంది.

మధ్యాహ్నం దాటింది. ఆమె మూడు పళ్లేలు పెట్టింది. కార్తి బస్సు వేళ చూసుకున్నాడు, పళ్లేల వైపు చూశాడు, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కుప్పన్ అతనికి ఎడంగా, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సొరకాయ పులుసు, అన్నం, మిరియాల రసం. వడ్డించి ఆమె కూడా కూర్చుంది. రోడ్డు మీద వేలూరు బస్సు ఆగి, కాసేపు చూసి, వెళ్లిపోయింది. కార్తి లేవలేదు. రసం గిన్నె తానే అందుకుని పోసుకుని, ఆమె పళ్లెం వైపు జరిపాడు. ఆమె పోసుకుంది. ముగ్గురూ తల వంచుకుని తిన్నారు.