రుమాలు కింది ధర

బండి అమ్మే రోజున కోపం తెచ్చుకోనని మా ఆయన జలపతి పొద్దున్నే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా నోరు సంగతి ఆయనకు తెలుసు.

పన్నెండేళ్లు ఆ వ్యానే మా ఇల్లు. సిరిసిల్ల రుమాళ్లు, లుంగీలు బండిలో వేసుకొని కోరుట్ల, జగిత్యాల, గంభీరావుపేట వారపు అంగళ్లు తిరిగేవాళ్లం. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, బట్టల అర అన్నీ జలపతే బిగించాడు. ఇప్పుడు ఆయన నడుం పాడైంది, స్టీరింగ్ ముందు గంట కూర్చోలేడు. బండి అమ్మి సిరిసిల్లలో నాలుగు పాత సాంచెలు కొందామనుకున్నాం. మరమగ్గాలను మేం సాంచెలంటాం. నాలుగుంటేనే ఇల్లు గడుస్తుంది. వాటికి లక్షా అరవై వేలు కావాలి. అంతకు తగ్గితే ఇంకొకరి షెడ్డులో కూలికి పోవాల్సిందే. నడుం నొప్పి మనిషిని ఎవరు పెట్టుకుంటారు?

అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. ఆ రోజు కోరుట్ల రోడ్డు ఆపి, అక్కడే వండుకు తినే వంటావార్పు. గిన్నెలు మోసిందీ, రోడ్డుకు అడ్డంగా నిలబడిందీ మా వ్యానే. నంబరు పలక మీద ఏపీ చెరిపి టీజీ అని నేనే రాశాను. బేరగాడు నర్సన్న కొనే మనిషిని అక్కడికే తీసుకొచ్చాడు. ఆయన బీర్పూర్ భూమన్న. జాతరల్లో గాజుల దుకాణం పెడతాడు, పడుకునే వీలున్న బండి కావాలట.

నర్సన్న ఒకప్పుడు ఎడ్ల బేరాలు చేసేవాడు. ఆ అలవాటే బండ్లకూ తెచ్చాడు. చేతుల మీద రుమాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని ధర చెబుతాడు. ముందు కొనేవాడితో, తర్వాత అమ్మేవాడితో. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు. ఆడవాళ్ల చెయ్యి ఆ రుమాలు కిందికి పోనే పోదు.

నర్సన్న ముందు భూమన్న వేళ్లు, తర్వాత మా ఆయన వేళ్లు పట్టాడు. జలపతి మొహం మాడిపోయింది.

"ఎంతంటున్నడు?" అని అడిగాను.

"లక్షా పది," అన్నాడు చిన్నగా.

"టైర్లు అరిగినయి వదినె," అన్నాడు నర్సన్న. "రాస్తారోకోల పడ్డ సొట్టలు గిన్నున్నయి. పలక మీద గా టీజీ ఒకటి. అన్నీ కోసుకోవాలె గద."

నాకు ఒళ్లు మండింది. "టైర్లు ఆర్నెల్ల కింద ఏసినం. ఇంజన్ పోయినేడు విప్పి చేయించినం. గవన్నీ నీ రుమాలు కింద ఎట్ల కనవడుతయి?"

"బేరం ఆడోళ్లది గాదు. నువ్వు అన్నం కాడికి పో."

ఒట్టు తీసి గట్టున పెట్టాను. రుమాలు లాగేశాను. అంచు చూస్తే అది మేం అమ్మిందే.

"భూమన్నా, నువ్వెంత పట్టినవో గిందరి ముందట నోటితోని చెప్పు."

భూమన్న బిత్తరపోయాడు. "లక్షన్నర పట్టిన గదక్కా."

పప్పు కలుపుతున్న ఆడవాళ్లు గరిటెలు ఆపేశారు. నర్సన్న నేల చూపులు చూశాడు. నలభై వేలు మింగబోయాడు, మాకది ఒక సాంచె ధర!

"లక్షన్నర మంచిదే. ఇచ్చేద్దాం ఊర్మిలా," అన్నాడు జలపతి.

నేను ఒప్పుకోలేదు. భూమన్నను వ్యాన్ ఎక్కించి మంచం మీద పడుకొని చూడమన్నాను. టైర్ల బిల్లు చేతిలో పెట్టాను. ఇంజన్ చేసిన మేస్త్రి అక్కడే కూరగాయలు తరుగుతున్నాడు, ఆయన్నే అడగమన్నాను.

"ఇంకో ఐదేండ్లు ఫికరు లేదు," అన్నాడు మేస్త్రి.

"లక్షా డెబ్బై చేస్తది," అన్నాను. "సొట్టలకు పదివేలు నేనే కోసిన. లక్షా అరవై. పైస తగ్గది."

"మరి గా టీజీ తుడిసి ఇస్తవా?" అన్నాడు భూమన్న.

"తుడిసేటట్లయితే బండే అమ్మను."

భూమన్న పలక వైపు చూశాడు, రోడ్డు పొడవునా మండుతున్న పొయ్యిల వైపు చూశాడు. "ఉండనియ్యక్కా," అని బయానా డబ్బు తీసి నా చేతిలో పెట్టాడు.

జనం మళ్లీ వంటల్లో పడ్డారు. నర్సన్న మెల్లగా నా పక్కకు చేరాడు.

"వదినె, నా మామూలు రెండు వేలు..." అంటూ రుమాలు కోసం చెయ్యి చాపాడు.

రుమాలు నా భుజం మీదే ఉంచుకున్నాను. బయానాలోంచి నాలుగు ఐదువందల నోట్లు తీసి పైకెత్తి పట్టుకున్నాను.

"నీ కష్టం నేనుంచుకోను నర్సన్నా. ఒట్టి చెయ్యి చాపు. అందరు చూడంగ లెక్కవెట్టి ఇస్త."

నర్సన్న చుట్టూ చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.