బాంబుల కింద మంద్రస్వరం

అయినా ఆ మంగళవారం కబురొచ్చినప్పుడు చేతిలో ఉన్న వ్యాసం పూర్తిగా దిద్ది, మార్కు వేసి, కలం మూత పెట్టి అప్పుడు లేచాను, తమ్ముడు పోయాడని విన్నాక కూడా, ఎందుకలా చేశానో మూడు వారాలైనా తెలియడం లేదు, ఇప్పుడు వాడి గదిలో వాడి కుర్చీలో కూర్చుని వాడు వాయించిన యుద్ధం సినిమా సంగీతం వింటున్నాను, బొమ్మ లేకుండా, మాటల్లేకుండా, సంగీతం ఒక్కటే, రేపు ఉదయానికి వాడి గురించి ఒక వాక్యం రాసివ్వమన్నాడు వాద్యబృందం పెద్దాయన, సంస్మరణ సభ కరపత్రంలో వేస్తారట, ఒక్క వాక్యం టీచరుగారూ, మీకదెంత పని అన్నాడు, నిజమే, ముప్పై ఏళ్ళుగా అందరి వాక్యాలూ దిద్దినదాన్ని.

ఈ సినిమాకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం, వంతెన మీంచి సైన్యం వెనక్కి వస్తోంది, పైనుంచి బాంబులు, వాడు నా మోచేయి పొడిచి, అదిగో అక్కా, ఆ బాంబు కింద ఉన్నది నేనే అన్నాడు, నాకేం వినపడలేదురా అన్నాను, నాన్న అటునుంచి, బాంబు కింద పడ్డానికా పదేళ్ళు నేర్చుకున్నావు అన్నారు, అందరికంటే గట్టిగా వాడే నవ్వాడు, మనిషంత ఫిడేలు వాడిది, డబుల్ బాస్, దాంతో బస్సెక్కితే కండక్టరు, ఈయనక్కూడా సీటు కావాలా అనేవాడట.

ఇప్పుడు బాంబులు లేవు, అదే వంతెన, పైన వయొలిన్ల పరుగు, కింద ఒకే ఒక్క మంద్రస్వరం, నాలుగు నిమిషాలు, డబుల్ బాస్ వాయించిన ఆరుగురిలో వాడిదేదో పట్టుకుందామని ఐదోసారి పెట్టాను, వదినా, మళ్ళీ మొదట్నుంచా, మరదలు గుమ్మంలో నిలబడింది, వీడెక్కడున్నాడే ఇందులో అన్నాను, అలా వెతికితే ఆయన దొరకరు వదినా, తీగల మీద లాగే కమాను ఎంత పొడుగైనా చివరికొస్తుందిగా, వెనక్కి తిప్పాలిగా, అందరూ ఒకేసారి తిప్పితే స్వరం తెగుతుందని ఒక్కొక్కరు ఒక్కోసారి తిప్పుతారు, అది ఎవరికీ తెలియకూడదు, దానికోసం నెల్లాళ్ళు నన్ను పక్కగదిలో కూర్చోబెట్టి, ఎక్కడ తిప్పానో పట్టుకో చూద్దాం అనేవారు, మొదట్లో ఇదిగో దొరికారు అని అరిచేదాన్ని, చివరివారం ఒక్కసారీ దొరకలేదు, అంది, అంటూ నవ్వింది, ముక్కు చీదుకుంది, లోపలికి వెళ్ళిపోయింది.

నాకూ దొరకలేదు, చెవి ఒగ్గి ఐదుసార్లు విన్నాను, పిల్లల వ్యాసాల్లో అక్షరదోషం కళ్ళు మూసుకుని పట్టుకుంటానని పేరున్నదాన్ని, ఎక్కడా అతుకు లేదు, వస్తున్నది ఏడుపు అనుకున్నాను, కాదు, నా తరగతి పిల్లవాడు మొదటి బహుమతికి వేదికెక్కేటప్పుడు కలిగేదే ఇది, అంతకంటే పెద్దది, గొప్ప అనే మాట వ్యాసాల్లో కనిపిస్తే కొట్టేస్తాను, దేనికి గొప్పో చెప్పమంటాను, ఇప్పుడు చెప్పగలను, మిగతావాళ్ళు కమాను తిప్పుకున్నప్పుడు వాడు పట్టుకున్నాడు, వాడు తిప్పుకున్నప్పుడు వాళ్ళు పట్టుకున్నారు, ఆ వంతెన పొడుగునా స్వరం తెగలేదు, తెగనివ్వని ఆరుగురిలో నా తమ్ముడొకడు.

కాగితం మీద ఇంకా ఒక్క అక్షరమూ పెట్టలేదు.