పరాయి నంబరుతో బతుకు

నేను ఒక నెట్‌వర్క్ కార్డును. కంప్యూటర్‌కు బయటి లోకంతో మాటలు కలిపే పచ్చటి బిళ్ళను. పుట్టగానే ఫ్యాక్టరీలో మాకో నంబరు పొడుస్తారు, మీ పచ్చబొట్టులాగా. అలాంటి నంబరు లోకంలో ఇంకెవరికీ ఉండదని నాకెంత గర్వమో! ఆ గర్వం ధర్మవరంలో దిగింది.

అక్కడ రామాంజులు పట్టుచీరల అంచులు, కొంగులు కంప్యూటర్లో గీసేవాడు. ఆ డిజైన్లు తెరుచుకోవాలంటే లోపలి కార్డు నంబరు సరిపోవాలి. ఎవరూ కాపీ కొట్టకుండా సాఫ్ట్‌వేర్ కంపెనీ బిగించిన తాళం అది. కంపెనీ ఎప్పుడో మూతపడింది, తాళం మాత్రం గట్టిగానే ఉంది. మొన్న పిడుగుకు పాత కార్డు మాడిపోయింది. ఇరవై ఏళ్ల కష్టం లోపలే ఉండిపోయింది. మళ్లీ మొదట్నుంచి గళ్ల కాగితం మీద గీద్దామంటే, చూపు తగ్గి ఆయనకిప్పుడు ఆ గళ్లే కనబడవు.

రిపేరు చేసే మస్తాన్‌వలి నన్ను పట్టుకొచ్చాడు. "పైపైన నంబరు మారిస్తే ఈ తాళం నమ్మదన్నా. పాతదాని నంబరు దీంట్లో శాశ్వతంగా రాసేద్దాం. ఒక్కసారే కుదురుతుంది, మళ్లీ చెరపలేం," అన్నాడు. నన్నెవరైనా అడిగారా? అబ్బే!

తీరా పాత కార్డు మీది చీటీ చూస్తే పసుపు, కుంకుమ! ఏటా ఆయుధపూజకు మగ్గానికి పెట్టినట్టే, రామాంజులు కంప్యూటర్ మూత విప్పి కార్డుకూ బొట్టు పెట్టేవాడు, సరిగ్గా నంబరు మీదే. తడి పసుపు రెండు అంకెలను తినేసింది. మనుషుల భక్తికి దణ్ణం పెట్టాలి, చోటు చూసుకోదు.

"రెండూ ఎనిమిదులేప్పా, నాకు బాగా గుర్తు. రాసేయ్," అన్నాడు రామాంజులు. గుర్తూ లేదు, పాడూ లేదు, ఆశ అంతే. మస్తాన్ రాసేశాడు. నా పుట్టు నంబరు పోయింది. ఏడుపొచ్చింది నాకు.

తాళం అడిగింది, నీ నంబరెంత అని. చెప్పాను. కాదంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పాను. ఇంకేం చెప్పను?

"ఇంకో కార్డు తెస్తే?" అన్నాడు రామాంజులు.

"ఆ రెండు చోట్లా అంకెలుండేవో, అక్షరాలుండేవో, వందల రకాలుగా ఊహించాలన్నా. ఊహకో కార్డు కావల్ల. నా వల్ల గాదు," అని మస్తాన్ తల వంచుకున్నాడు.

నన్ను తిట్టినా బాగుండేది. రామాంజులు తెర మీద చెయ్యి పెట్టి, "అన్నీ లోపలే ఉన్నాయి కదప్పా," అన్నాడు. ఉన్నాయి. ఆ నెమళ్లు, ఆ మామిడి పిందెలు నాకు జానెడు దూరంలోనే ఉన్నాయి. తెరిపించలేకపోతున్నాను. సిగ్గుగా ఉంది.

ఇప్పుడాయన పక్కవీధిలో ఇంకొకరి మగ్గానికి పట్టుదారం కండెలు చుడుతున్నాడు. పొద్దున పోయే ముందు ఒకసారి కంప్యూటర్ ఆన్ చేస్తాడు. తాళం అడుగుతుంది. నేను ఆ తప్పుడు నంబరే చెబుతాను. ఆయన ఆఫ్ చేసి, చెప్పులు వేసుకుంటాడు.