బూట్లు అక్కడే విప్పు

...విన్నాక అమ్మ ఏమీ అనదు, అదే భయం. అరిస్తే సర్దిచెప్పుకోవచ్చు. రేపు మధ్యాహ్నం రేడియో పక్కన కూర్చుని కూతురు రాసిన కథంతా వింటుంది. నాన్న ఎప్పట్లాగే కుర్చీలో కునుకు తీస్తాడు. ఆమె మాత్రం లేచి గిన్నెలు కడుగుతుంది. కన్నకూతురే తనను రాతిగుండె మనిషిగా నలుగురికీ చూపించిందని ఆ గిన్నెల చప్పుడే చెబుతుంది. అలాగని అబద్ధం రాసిందా? లేదే. అమ్మ అన్న మాట అన్నట్టే రాసింది.

రేడియో స్టూడియోలో బోగ్నా అద్దానికి ఇవతల కూర్చుని ఇలా తనతో తాను వాదించుకుంటుంటే, అవతల లుద్విక్ గారు ఆమె కథ కాగితాలు సర్దుకుంటున్నారు. టీవీలో పరాయి దేశపు సినిమా వస్తే, అందులో ఆడా మగా అందరి మాటలనూ పోలిష్‌లో ఒక్కరే చదివే గొంతు ఆయనది. లుబ్లిన్‌లో ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. కథలో భార్య మాటలు కాస్త కరుకుగా చదవమని బోగ్నా ముందే అడిగి చూసింది.

"నన్ను కోపాలు నటించమనకండి బోగ్నా గారూ," అన్నారాయన, వేళ్ళకంటిన జామ్ తుడుచుకుంటూ. "హంతకుడికీ ఇదే గొంతు, పెళ్ళికూతురికీ ఇదే గొంతు. ఇంతవరకూ ఎవరూ పొరబడలేదు."

కథ చిన్నదే. ఇల్లు వదిలిపోయి రేవుపట్నంలో ఎవరితోనో ఉండిపోయిన భర్త, రెండు చలికాలాలు గడిచాక తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు. బంగాళాదుంపలు చెక్కుతున్న భార్య తలెత్తదు. బోగ్నా వాళ్ళింట్లో జరిగిందే అది. అప్పుడు తను పొయ్యి వెనక నక్కి చూస్తున్న చిన్నపిల్ల.

లుద్విక్ గారు ఎత్తుపల్లాలు లేకుండా చదువుకుంటూ పోయారు.

"'తలుపు వెయ్యి, చలి కొడుతోంది,' అంది కఠినంగా. 'లోపలి నుంచా, బయటి నుంచా?' అన్నాడతను బెదురుగా. 'బూట్లు అక్కడే విప్పు, ఇప్పుడే నేల తుడిచాను,' అంది మరింత కఠినంగా."

రికార్డింగు మీటల ముందున్న కింగా కిసుక్కున నవ్వి, నాలుక కరుచుకుంది. "ఏమనుకోకక్కా, భలే అడిగాడు మీ కథలో ఆయన."

నవ్వా? బోగ్నా బిత్తరపోయింది. ఆ చదునైన గొంతులో కాఠిన్యమూ నిలవలేదు, బెదురూ నిలవలేదు. మాటలు మాత్రం నిలిచాయి. బయటి నుంచా అని అడిగినవాడు ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని పరాచికమాడాడు. వెళ్ళగొట్టదలచిన మనిషిని బూట్లు విప్పమని ఎవరంటారు? గుమ్మంలోనే వాళ్ళిద్దరూ రాజీపడిపోయారు. ఆ సంగతి పొయ్యి వెనకున్న పిల్లకే అందలేదు. నాన్న మీద తాను పెంచుకున్న కసిని అమ్మ గొంతులో దాచి, ఇన్నేళ్ళూ అమ్మదే అనుకుంది. సిగ్గు వేయాలి కాబోలు. కానీ ఎవరో వీపు మీది మూట దించినంత హాయిగా ఉంది.

"బాగా రాలేదా?" అడిగారు లుద్విక్ గారు అద్దం అవతలి నుంచి.

"బాగా వచ్చింది. ఇంకొక్కసారి చదవాలి మీరు."

"కోపంగా మాత్రం చదవనండీ."

"వద్దు," అంది బోగ్నా. లేచి లోపలికి వెళ్ళి, ఆయన ముందున్న పెన్సిలు తీసుకుని, 'కఠినంగా' అని ఉన్న రెండుచోట్లా అడ్డంగా గీత గీసింది.