బొమిడికముల జోడు

భానుశ్రీ చేరిన యుద్ధక్రీడా సంఘానికి ఒక నియమం ఉంది. పదిహేడో శతాబ్దికి ముందు వాడినట్టు రుజువు లేని శిరస్త్రాణంతో ఎవరూ బరిలోకి దిగకూడదు. రుజువంటే ఆ కాలపు బొమ్మ కావాలి, లేదా తవ్వకంలో దొరికిన వస్తువు, లేదా ఆ కాలపు వ్రాత. సినిమాలో చూశామంటే కుదరదు. అమెరికాలో నేను విన్న నియమాలలో నాకు పూర్తిగా సమ్మతమైనది ఇదొక్కటే.

భానుశ్రీ నా కోడలు. మా అబ్బాయి రవికాంత్ పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో, కారు అద్దం మీది మంచు గీకుతూ పడిపోయాడు. లేవలేదు. నోవై ఊళ్ళోని ఆ ఇంట్లో మేమిద్దరం మిగిలాం. ఇద్దరమూ ఏడవలేదు. ఆమె ఆఫీసుకు వెళ్ళి వచ్చేది, నేను చదువుకునేదాన్ని, వేళకు అన్నం తినేవాళ్ళం. ఆగస్టులో ఎవరో స్నేహితురాలు ఆమెను ఆ సంఘం సాధనకు తీసుకువెళ్ళింది. భానుశ్రీ భుజం మీద కమిలిన మచ్చతో తిరిగివచ్చి, చొక్కా పక్కకు లాగి చూపించి, "నొప్పి తెలిసింది అత్తయ్యా" అంది. అప్పటినుంచి వారానికి రెండుసార్లు వెళ్ళి బెత్తపు కర్రలతో దెబ్బలు తిని వస్తున్నది. ఆమె దేనికోసమైనా గడియారం చూడటం ఆ రెండు రోజులే.

ఇంతకాలం అరువు శిరస్త్రాణంతో నెట్టుకొచ్చింది. ఏప్రిల్ నుంచి ఎవరిది వారికి ఉండాలన్నారు. లేనివారిని సాధనకు కూడా రానివ్వరు. శనివారం పరీక్ష. తప్పితే మళ్ళీ సెప్టెంబరులోనే.

మిగిలినవాళ్ళు జర్మనీ, ఇటలీ నమూనాలు ఎంచుకున్నారు. భానుశ్రీ నా పుస్తకాన్ని ఎంచుకుంది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు శాసనాల శాఖలో పనిచేశాను; తొలినాళ్ళలోనే ఒక తాలూకా శాసనాలను సంపుటంగా పరిష్కరించాను. అందులో నూట పన్నెండో పుటలో పద్నాలుగో శతాబ్దపు శాసనం ఒకటి ఉంది. పోరులో చనిపోయిన ఒక బంటు సామగ్రిని అతని భార్య గుడికి ఇచ్చింది. రాతి పైభాగాన ఆ బంటు బొమ్మ, నెత్తిన మొనదేలిన టోపీ. కింద జాబితా. ఇంగ్లీషు అనువాదం ప్రకారం ఇచ్చినవి రెండు ఇనుప శిరస్త్రాణాల జత, ఒక కత్తి.

గురువారం సాయంత్రం వీరాంజనేయులు ఆ శిరస్త్రాణాన్ని తయారుచేసి తెచ్చాడు. అతను కారు తలుపుల అచ్చులు చేసే ఇంజనీరు; మా వీధి చివరే ఉంటాడు.

"చూడండమ్మా. లోపల గిన్నె, పైన బుంగ. రెండూ కలిపి రివెట్ చేసేశాను. ట్రక్ ఎక్కినా సొట్ట పడదు."

"రెండెందుకు నాయనా?"

"భలేవారే! పెయిర్ అని మీరే రాశారు కదమ్మా. మనిషికి రెండు తలలుంటాయా ఏంటి, పక్కపక్కన పెట్టుకోడానికి? అందుకే ఒకదాంట్లో ఒకటి దించాను. తెల్లోళ్ళు కూడా ఇలాగే పెట్టుకునేవారంట, నెట్‌లో చూశా."

భానుశ్రీ నవ్వింది. నేను నా గదిలోకి వెళ్ళి ఆ రాతి అచ్చు ఫొటోను కంప్యూటర్‌లో తెరిచాను. తడి కాగితాన్ని రాతి మీద అద్ది, సిరా పులిమి ఆ అచ్చు తీసింది నేనే. ఎనిమిదో పంక్తిలో 'బొమిడికము' అని ఉంది, బొమిడికమంటే శిరస్త్రాణం. తరవాత ఒక్క అక్షరం పట్టేంత గుంట. తరవాత 'జోడు కత్తి'. ఆ గుంటలో అక్షరం చెరిగిపోయిందనుకుని, కళ్ళజోడు, చెప్పుల జోడు అన్నట్టుగా, బ్రాకెట్లలో 'ల' పెట్టి 'బొమిడికముల జోడు' చేశాను. అనువాదం అచ్చువేసినవారు బ్రాకెట్లు ఎత్తేశారు. వారి నిర్లక్ష్యం గురించి నేను ఎన్ని ఉత్తరాలైనా రాయగలను. కాని 'ల' వారిది కాదు.

జోడంటే కవచం. ఆ అర్థం కావ్యాలలో నేను వందసార్లు చదివాను. మూడో పంక్తిలో కూడా ఆ చెక్కినవాడు రాతిలో గుంట తగిలినచోట ఆగి, దాన్ని దాటి, అదే మాటను కొనసాగించాడు. ఎనిమిదో పంక్తిలోనూ అంతే చేశాడు. ఆ గుంటలో ఎన్నడూ అక్షరం లేదు. ఆ బంటు భార్య ఇచ్చినవి ఒక శిరస్త్రాణం, ఒక కవచం, ఒక కత్తి.

శుక్రవారం పొద్దున కాఫీ తాగుతుండగా భానుశ్రీకి చెప్పాను.

"అత్తయ్యా, పరీక్ష రేపు."

"తెలుసు."

"మీకు తప్ప ఈ ముక్క భూమ్మీద ఇంకెవరికైనా తెలుసా?"

"తెలియదు."

"మరి సెప్టెంబర్ దాకా నన్నేం చెయ్యమంటారు? సోఫాలో కూర్చుని సీరియల్స్ చూడమంటారా మీతో?"

"నేను సీరియళ్ళు చూడను."

"అబ్బ! మీకు అదొక్కటే వినపడింది."

కప్పు సింకులో పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

శనివారం ఆమెతోపాటు నేనూ వెళ్ళాను. పరీక్షకుడు ధృవ్ ఇక్కడే పుట్టిన తెలుగు కుర్రవాడు, ముప్పై దాటి ఉంటాయి. శిరస్త్రాణాన్ని తిప్పి చూసి, పుట చదివి, ముఖం విప్పారగా అన్నాడు.

"ఆంటీ, దిస్ ఈజ్ సూపర్. ఎవరూ ఇట్లాంటి సోర్స్ తేలేదు. యూరప్‌లో కూడా సేమ్ థింగ్. పెద్ద హెల్మెట్ కింద చిన్న హెల్మెట్."

"అది యూరప్ సంగతి. ఈ రాతిలో అలా లేదు. నా చదువు తప్పు."

అంతా వివరించాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"బట్ పబ్లిష్ అయింది కదా ఆంటీ?"

"చేసింది నేనే."

"యా, కానీ మాకు సోర్స్ బుక్. మీరు సోర్స్ కాదు."

ముప్పై ఒక్కేళ్ళ వయసులో నేను చేసిన తప్పు సాక్ష్యమట. డెబ్బై రెండేళ్ళ వయసులో దాన్ని దిద్దుతుంటే అది వట్టి మాటట. రవికాంత్ పోయిననాడు ఎవరి మీదా రాని కోపం నాకు ఆ ప్లాస్టిక్ కుర్చీలో వచ్చింది.

"రాసి సంతకం పెడితే?"

"అప్పుడు సోర్సే. బట్ అప్పుడు నేను రిజెక్ట్ చెయ్యాలి ఆంటీ. ఊరికే నోటితో చెప్తే, నేను వినలేదు అనుకుంటా." అతను భానుశ్రీ వైపు చూశాడు. "మీ ఇష్టం."

నేను కూడా ఆమె వైపు చూశాను. ఆమె బ్యాగులోంచి పెన్ తీసి నా ముందు పడేసింది.

"రాయండి. రాయకపోతే మీరు నెల రోజులు అన్నం తినరు. అదొకటి నా ప్రాణానికి."

రాశాను. పుట నూట పన్నెండు, ఎనిమిదో పంక్తి. 'ల' నా ఊహ, రాతిలో లేదు. శిరస్త్రాణం ఒకటే. తేదీ వేసి సంతకం పెట్టాను. ధృవ్ ఫారం మీద గీత కొట్టి, "సారీ అక్కా" అన్నాడు భానుశ్రీతో. దారిలో ఆమె రేడియో పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం గరాజ్‌లో డ్రిల్ చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే, ఆమె రివెట్లు తొలిచి లోపలి గిన్నెను బయటికి తీసేసింది. పై శిరస్త్రాణం ఒక్కటే తలకు పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, నా చేతికి కర్ర ఇచ్చింది.

"ఒకటే అన్నారుగా. ఒకటే ఆగుతుందో లేదో సెప్టెంబర్‌లోపు తేలాలి. కొట్టండి."

"నేనా?"

"తప్పు దిద్దింది ఎవరు? పక్కింటివాళ్ళా?"

కొట్టాను. ఇనుము పలికీ పలకనట్టు పలికింది.

"అత్తయ్యా, దెబ్బ వేస్తున్నారా, రాతి మీద కాగితం అద్దుతున్నారా?"

కర్రను రెండు చేతులా పట్టుకుని మళ్ళీ కొట్టాను. శిరస్త్రాణం పక్కకు తిరిగి ఆమె కంటిని కప్పేసింది. ఆమె దాన్ని సరిచేసుకుని, వేళ్ళు లోపలికి దూర్చి ఖాళీ ఎంత ఉందో చూసుకుంది.

"ఇక్కడ ఇంకా మెత్త కుట్టాలి," అంది. "మళ్ళీ. ఈసారి ఎడమవైపు."

నేను ఎడమవైపుకు నడిచి నిలబడ్డాను.