అరికాలి చుక్క

హోటలు మేడ మీద, ఉతికిన తువ్వాలు ఒక కొసను గోడకున్న ఇనుప కొక్కేనికి తగిలించి, రెండో కొసను మెలితిప్పుతోంది బాలమ్మ. నీళ్లు ధారగా మొదలై, చుక్కలై, ఆగిపోయాయి. అయినా ఇంకో మెలిక వేసింది. మరికొన్ని చుక్కలు రాలాయి. కింద లాడ్ బజార్ వైపు గాజుల దుకాణాల షట్టర్లు ఒకటొకటే లేస్తున్నాయి.

మనిషి పొట్టి. అరచేతులు మాత్రం ఆ ఒంటికి పెద్దవి. సోడా నీళ్లలో నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. ఒక్క కుడిచేతి ఉంగరపు వేలి కొస మాత్రం ఎంత తోమినా నలుపు వదలదు. నడుము దగ్గర చీర మడతలో ఒక ఇత్తడి భరిణె ఎప్పుడూ ఉంటుంది. అందులో ఆముదపు దీపం మీద పట్టిన కాటుక.

హోటలుకు రాకముందే ఆమె రోజు సగం గడిచిపోతుంది. తెల్లవారుజామున కార్వాన్ గల్లీలలో పసిబిడ్డలున్న ఇళ్లకు వెళ్లి, కాళ్లు చాపుకొని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె మర్దిస్తుంది. వేడి నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, చివరికి ఉంగరపు వేలితో అరికాలి మీద ఒక చుక్క పెడుతుంది. అప్పటిదాకా తల్లులు బిడ్డను అందుకోరు. ఆ చుక్క పడితేనే స్నానం అయిపోయినట్టు. ఆ ఇళ్లు కూడా ఏటేటా తగ్గిపోతున్నాయి. అంత గట్టిగా రుద్దవద్దని నర్సింగ్ హోముల్లో చెప్పి పంపుతున్నారు. అందులో అబద్ధమేమీ లేదని బాలమ్మ కూడా ఒప్పుకుంటుంది.

ఆమె తొలిచూలు కొడుకు నెలల బిడ్డగానే పోయాడు. ఆ ఉదయం వేరే వాళ్ల బిడ్డకు నీళ్లు పోయాలన్న తొందరలో, సొంత బిడ్డకు చుక్క పెట్టకుండా వెళ్లింది. చుట్టుపక్కల వాళ్లు దిష్టి అన్నారు. ఆసుపత్రిలో డాక్టరు ఆమెను కూర్చోబెట్టి, గుండెకు పుట్టుకతోనే రంధ్రం ఉందనీ, చుక్క పెట్టినా పెట్టకపోయినా జరిగేది ఇదేననీ ఓపికగా చెప్పాడు. బాలమ్మ నమ్మింది. తనతో అబద్ధమాడవలసిన అవసరం ఆయనకేముంది? ఆ తరువాత ఎవరికీ దిష్టి తగిలిందన్న మాట ఆమె నోట రాలేదు. కాని చుక్క పెట్టకుండా ఏ బిడ్డనూ తల్లి చేతికి ఇవ్వనూలేదు.

హోటలు యజమాని శ్రీహరిరావు కోస్తా నుంచి ఇంజనీరు ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు. ఉద్యోగం వదిలి ఈ లాడ్జి కొన్నాడు. జిల్లాల నుంచి పెళ్లి గాజులకూ బట్టలకూ వచ్చే కుటుంబాలే దీనికి ఆధారం. ఈ మధ్య ఆ కుటుంబాలు మూసీ అవతలి కొత్త హోటళ్లకు మళ్లుతున్నాయి. రోజంతా దుకాణాల్లో నిలబడి కాళ్లు లాగేసిన ఆడవాళ్లకు ఇక్కడే మర్దన, ఆవిరి స్నానం ఏర్పాటు చేస్తే ఎందుకు వెళతారన్నది ఆయన ఆలోచన. దానికి స్పా అని పేరు. ప్రకటన కాగితంలో ‘శరీరంలోని విషాలు తొలగిపోతాయి’ అని ఉన్న వాక్యాన్ని ఆయనే కొట్టేశాడు. ఆ పనికి మూత్రపిండాలున్నాయనీ, అవి అద్దె అడగవనీ అన్నాడట.

స్పా గదులకు మేడ మీద బట్టలుతికే చోటు సగం పోయింది. వచ్చే నెల నుంచి దుప్పట్లు, తువ్వాళ్లు బయటి లాండ్రీకి వెళతాయి. అంటే బాలమ్మకు ఇక్కడ పని ఉండదు. ఉంటే స్పాలోనే ఉండాలి. ఆ సంగతి ఈ రోజు తేలుతుంది.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన గీతాంజలి పురానాపూల్ పాల వ్యాపారుల ఇంటి పిల్ల. బెంగళూరులో నేర్చుకుని వచ్చింది. తెల్లని దుస్తులు, గోళ్లు కురచగా కత్తిరించిన వేళ్లు. సీసాలోని నూనెను బాలమ్మ వేళ్ల మధ్య రుద్ది చూసింది.

“గిండ్ల పూల వాసనే ఉన్నది బిడ్డా, జిడ్డు ఏది?”

“జిడ్డు ఉండొద్దనే గదమ్మా గంత ధర,” అని గీతాంజలి నవ్వింది.

మొదటి పరీక్ష వాసవాంబ మీద. వరంగల్లులో ఆమె భర్తకు బట్టల కొట్టు. ఈ స్పాలో సగం వాటా ఆయన తీసుకోవాలి. భార్య మెచ్చితేనే డబ్బు పెడతానన్నాడు. భారీ మనిషి వాసవాంబ. అలసిన ఆమె పిక్కలను బాలమ్మ బొటనవేళ్లతో కింది నుంచి పైకి నొక్కుతూ వచ్చింది. అందులో మంత్రమేమీ లేదు. బిగిసిన కండరం వెచ్చబడితే సడలుతుంది, అంతే. వాసవాంబ కాసేపటికే గురక పెట్టింది.

ఆమె లేచి, కొత్తగా పరిచిన తెల్లని పలకల మీద స్నానాల గది దాకా నడిచింది. వెనుకనే, ఎడమ పాదం పడిన చోటల్లా, చిన్న నల్లని మచ్చ. గీతాంజలి ముందుగా చూసింది. వాసవాంబ గోడ పట్టుకుని పాదం ఎత్తి చూసుకుంది. అరికాలి మధ్యలో కాటుక చుక్క.

“నేనేమన్న పసిపిల్లనా బాలమ్మా?” అని నవ్వింది. బయటికి వచ్చాక మాత్రం శ్రీహరిరావుతో నవ్వకుండా చెప్పింది. “నాకైతె ఎరుకే అన్నా, అది దిష్టి చుక్క అని. రేపు ఏ పెండ్లిపిల్లో లేచి కాలికి నల్ల మచ్చ చూసుకుంటె, బాణామతి చేసిన్రని వాళ్ల చుట్టాలు లొల్లి జేస్తరు. మీ హోటల్ల మల్ల ఎవ్వరు దిగరు.”

ఆమె అన్నది నిజమే. ఊరూ పేరూ తెలియని చోట, కాపాడడానికి పెట్టిన చుక్కకూ కీడు చేయడానికి పెట్టిన చుక్కకూ తేడా ఎవరు చెప్పగలరు?

శ్రీహరిరావు బాలమ్మను పిలిపించాడు. “చూడు బాలమ్మా, అది మంచి చేస్తుందనీ నేను నమ్మను, చెడు చేస్తుందనీ నమ్మను. కాని హోటలు నా నమ్మకాల మీద నడవదు కదా. ఆ ఒక్కటీ మానెయ్. మధ్యాహ్నం గీతాంజలికే చేసి చూపించు. ఉద్యోగం నీదే.”

“మానేస్త సారూ. అది ఉత్తదే అని నాకు ఎరుకే.”

ఈసారి లోపలికి వెళ్లే ముందు భరిణెను నడుము నుంచి తీసి, బట్టలుతికే చోటి కిటికీ గూట్లో పెట్టింది. అది దగ్గర లేకపోతే చెయ్యి దానంతటదే నేర్చుకుంటుందనుకుంది. కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని, ఉంగరపు వేలిని రాతి మీద అరగదీసి మరీ వెళ్లింది.

గీతాంజలి బోర్లా పడుకుని మొదట్లో ఇంగ్లీషు మాటలతో సూచనలిస్తూ ఉంది. మెడ దగ్గరి బిగువు సడలుతున్నకొద్దీ ఆ మాటలు తగ్గిపోయాయి. చివరికి, నిద్రలోకి జారుతూ, “జర గాడనే అమ్మా,” అంది. ఇంట్లో తల్లితో మాట్లాడే గొంతు. బాలమ్మ అక్కడే ఇంకాసేపు నొక్కింది. వీపు, నడుము, పిక్కలు, మడమలు. దుప్పటి కప్పింది. పని అయిపోయింది.

వేలు నడుము దగ్గరికి వెళ్లి, ఖాళీ మడతను తడిమి, ఆగింది. బాలమ్మకు నవ్వొచ్చింది. చూసినవా, మరిచిపోతది, అనుకుంది.

గది మూలన సువాసన కోసం పెట్టిన చిన్న దీపం వెలుగుతోంది. దాని పైన నూనె పోసిన పింగాణీ గిన్నె. గిన్నె అడుగున సెగ తగిలే చోట పలచని మసి. తాను రెండడుగులు వేసినట్టు బాలమ్మకు తెలియలేదు. వేలికి వేడి తగిలినట్టూ తెలియలేదు. ఆ పిల్ల అరికాలి మీద గుండ్రంగా, చక్కగా కుదిరిన చుక్కను చూసినప్పుడు మాత్రమే ఏం జరిగిందో తెలిసింది.

గీతాంజలి కదలలేదు. తడి తువ్వాలు చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్కసారి తుడిస్తే చాలు. ఎవరికీ తెలియదు, ఉద్యోగం ఉంటుంది. బాలమ్మ తువ్వాలు తీసుకుంది. వంగింది. పాదానికి జానెడు దూరంలో చెయ్యి నిలిచిపోయింది. పెట్టకుండా వదిలిన పాదం ఆమె జీవితంలో ఒకటుంది. పెట్టి తుడిచిన పాదం ఒక్కటీ లేదు.

తువ్వాలును మడిచి బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది.

“నాతోని కాదు సారూ.”

“సరిగ్గా చేయలేదా?” అని శ్రీహరిరావు అడిగాడు.

“మంచిగనే చేసిన. పండుకున్నది పిల్ల, లేపకుండ్రి. నాకు సమజైంది సారూ. నా చేతికే సమజైతలేదు.”

కావాలంటే కింద గదులు ఊడ్చే పని చూస్తానన్నాడు ఆయన. ఆమె తల అడ్డంగా ఊపి, మెట్లు దిగి వెళ్లిపోయింది. పురానాపూల్ మీద నడుస్తున్నప్పుడు నడుము దగ్గర బరువు లేదన్న సంగతి గుర్తొచ్చి ఒక్క క్షణం నిలబడింది. వెనక్కి తిరగలేదు. ఇంట్లో ఆముదం ఉంది, వత్తి ఉంది. పొద్దుటికల్లా కాటుక పట్టుకోవచ్చు. రేపు కార్వాన్‌లో ఒక బిడ్డకు నీళ్లు పోయాలి.

స్పా శ్రావణంలో మొదలై, పెళ్లిళ్ల రోజుల్లో బాగానే నడిచింది. బట్టలుతికే చోట కుర్చీలు వేశారు. గోడలకు సున్నం వేసినవాడు గూట్లోని భరిణెను పారేయబోతే శ్రీహరిరావు వద్దన్నాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు మూత తీసి చూశాడు. కాటుక ఎండి, అంచుల దగ్గర బీటలు వారింది. దాని నడుమ, ఒక్క ఉంగరపు వేలి కొస పట్టేంత గుంత, నున్నగా, అలాగే ఉంది.